రెండో పేజీ

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా
జెరాక్సు, లామినేషను, పెళ్లిపత్రికలు, పాన్‌కార్డులు.
బోర్డు చివర జానెడు చోటు మిగిలితే
"రెజ్యూమెలు చేయబడును" అని నేనే రాశాను,
అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి.

దుంపల తవిటమ్మ వచ్చింది
షిఫ్టు దిగి, తలగుడ్డ ఇంకా విప్పకుండా.
పదకొండేళ్లుగా జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగు.
వైజాగ్ దగ్గర ఏదో ఫుడ్డు కంపెనీలో
క్వాలిటీ చూసే మనిషి కావాలట,
మేనల్లుడు ఫోన్లో చూపించాడట.
"పదో తరగతి పాసే బావూ, కాయితం కూడా ఉన్నాది,
మడత కాడ సిరిగింది గానీ."

ముందు నాకు తెలిసిన అందమంతా పెట్టాను.
చుట్టూ అంచు, ఎడమపక్క నీలం గడి,
గడిలో ఫొటో, ఫొటోకి నీడ.
తరవాత ఒక్కోటీ తీసేస్తూ చెప్పాను:
దీన్ని ముందు మనిషి చూడడమ్మా, మిషను చూస్తాది.
దానికి గడులు అడ్డం. పువ్వులు అడ్డం. నీ మొకం అడ్డం.
వాళ్ల ప్రకటనలో ఏ మాటుంటే ఆ మాటే కావాలి,
అదే స్పెల్లింగుతో.

"జల్లెడేనా?" అంది.
అంతే, జల్లెడే.
"మరి జల్లెడ పట్టీది ఎవులు?"
అది నాకూ తెలీదు.

ఆమె చెప్పుకుపోయింది, నేను కొట్టుకుపోయాను.
అరచేతిలో వేస్తే రెండువందల నలభయ్యో
మూడువందల ఇరవయ్యో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది.
"సార్టింగ్ అండ్ గ్రేడింగ్."
కొత్త పిల్లలకి గోరు విరక్కుండా
పొర తీయడం నేర్పింది.
"ట్రైనింగ్."
పురుగు పట్టిన లాటుని లారీ ఎక్కనివ్వలేదు,
ఓనరు బావమరిది గోదాం అదిరేలా అరిచినా ఎక్కనివ్వలేదు.
దీనికి మాట వెతకడానికి కొంతసేపు పట్టింది.
"కంప్లయన్స్."
ఎంత చిన్నదైపోయిందో ఆ అరుపు.

ఏళ్ల దగ్గర ఆగాం.
తిత్లీ వచ్చినప్పుడు కొన్ని నెలలు ఖాళీ.
తోటలు పడుకున్నాయి, పిక్క లేదు, పని లేదు,
ఎగిరిపోయిన రేకులు ఎక్కడెక్కడో ఏరుకొచ్చి
ఇల్లు కప్పుకుంది.
ఖాళీ అంటే మిషనుకి అనుమానం, అన్నాను.
"రాసీ బావూ, గాలొచ్చిందని. అబద్దమా?"
రాశాను.

వేలిముద్ర అడుగుతాదేమోనని భయపడింది.
జీడి నూనె గీతలు తినేసిందట,
రేషను మిషను దగ్గర పది వేళ్లూ ఓడిపోతాయట.
ఓటీపీ చాలు, అన్నాను.

అప్పుడు చూపించాను నా తెలివి.
పేజీ అడుగున తెలుపు మీద తెల్లటి అక్షరాలతో
వాళ్ల ప్రకటనంతా అతికించాను.
మనిషి కంటికి ఖాళీ, మిషనుకి విందు.
మానిటరు ఆమె వైపు తిప్పాను.

ఆమె అక్షరాలు చూడలేదు.
తల కాస్త వాల్చి, పక్కవాటుగా,
ట్రేలో పప్పు చూసినట్టు చూసింది.
"ఇక్కడేటున్నాది?"
ఏమీ లేదమ్మా.
"ఏటీ నేకపోతే రెండో కాయితం ఎందుకొచ్చింది?"

చెప్పాను.
తిట్టలేదు, నవ్వలేదు.
"డబ్బాలో పైన గుండు, కింద బద్ద.
అది పట్టుకోడానికే కదా
నాకు ఇన్నాళ్లూ కూలిచ్చారు.
తీసీ."

తీసేశాను. ఒక్క పేజీ అయింది.
పంపిన రెండు నిమిషాలకి జవాబొచ్చింది,
మీ ఆసక్తికి ధన్యవాదాలు అని, పేరు లేకుండా.
"వచ్చినట్టా, పోయినట్టా?"
అందినట్టు, అన్నాను.
యాభై ఇచ్చి, ఇరవై వెనక్కి తీసుకుని,
ఆ నోటు వెలుగులో పెట్టి చూసుకుని వెళ్లింది.

షట్టరు సగం దించాక నాది తెరిచాను.
టెక్కలిలో చదివిన బీటెక్, అరవైమూడు చోట్లకి వెళ్లొచ్చింది.
ఎప్పుడూ రెండు పేజీలే. రెండోది తెల్లగా ఉంటుంది.
మొత్తం సెలెక్ట్ చేశాను.
నీలం పట్టీలు లేచాయి ఒకదాని కిందొకటి:
నాకు రాని భాషలు, నేను ముట్టని మిషన్లు,
నేను నడిపించని మనుషులు.

డిలీట్ మీద వేలు పెట్టుకుని
ఒక్కో లైనూ చదువుతూ కూర్చున్నాను,
ఒక్క గుండైనా ఉందేమోనని.